చదివి వినిపించవచ్చు

ఫిబ్రవరి 3

చిన్నోడికి,

మెయిలు మానేసి కాగితం మీద రాస్తోందేమిటి, అక్కకి మతిగాని పోయిందా అని కంగారుపడకు. పోయింది మతి కాదు, పరువు. పోగొట్టింది మీ బావ.

వారపత్రికలో నా 'చెవిలో మాట' శీర్షిక నీకు తెలిసిందే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం అయిపోయాక నాకంటూ మిగిలిన పని అదొక్కటే. జనం తమ బాధలు మెయిలు చేస్తారు, నేను సలహా చెబుతాను. సాయంత్రమయ్యేసరికి నేను వంటింట్లో కూరలు తరుగుతూ ఉంటాను. మీ బావ ముందుగదిలో కంప్యూటరు దగ్గర కూర్చుని ఒక్కో ఉత్తరమే గట్టిగా చదివి వినిపిస్తారు. నేను ఇటునుంచి జవాబు చెబుతుంటే ఆయన అటునుంచి టకటకా కొట్టేస్తారు. కింది అంతస్తులో ఇన్‌స్టిట్యూట్ పెట్టి ఊళ్ళో సగం మందికి టైపు నేర్పిన మాస్టారు కదా, ఆయన వేళ్ళ వేగానికి నా నోరు కూడా చాలదు.

వేళ్ళతో ఏ చిక్కూ లేదు, వచ్చిందల్లా నోటితోనే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని నీకు మా పెళ్ళినాటి నుంచీ తెలుసు. పోయిన నెల ఒకావిడ రాసింది. మొగుడు తెల్లారకముందే లేచి బాకా ఊదుతున్నాడట. భరించలేక దాన్ని అటక మీద దాచేసి, దొంగలెత్తుకుపోయారని చెప్పిందట. ఇప్పుడాయన పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నాడు, ఏం చేయమంటారు అని అడిగింది. మీ బావ ఈ కథని క్షౌరశాలలో కూర్చుని, పేర్లు చెప్పకుండానే, ఉన్నదానికి రెండింతలు కలిపి చెప్పారట. పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నది సాక్షాత్తూ ఆ బాకా ఆయనే. ముఖాన సబ్బు నురగతోనే లేచి ఇంటికి పరిగెత్తాడట.

ఆవిడ పత్రికకి ఫోన్ చేసి ఏడ్చింది. సంపాదకురాలు నాకు ఫోన్ చేసింది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు, అందుకే నాకు మరీ భయం వేసింది. "ఈ నెలాఖరులోగా మీ పాఠకుల మెయిళ్ళకి తాళం పడాలండీ. మీరు తప్ప రెండో మనిషి చదవడానికి వీల్లేదు. లేదంటే శీర్షిక ఆపేస్తాను" అంది. ఆవిడని తప్పుపట్టలేను. మనల్ని నమ్మి రాసినవాళ్ళ గుట్టు మన ఇంట్లోంచే బయటపడితే ఇక నేను సలహాలివ్వడం ఎందుకు?

మెయిళ్ళకి తాళం వేసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని నువ్వే ఒకసారి అన్నావు. ఆస్పత్రి కంప్యూటర్లన్నీ చూసుకునేవాడివి, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మా ముందుగదిలో ఉన్నది పాత డబ్బా. దాన్ని ఆన్ చేసి నేను స్నానం ముగించుకొచ్చినా ఇంకా లేస్తూనే ఉంటుంది. దానికి పడే తాళం ఏదో చెప్పు. మెయిల్లో రాయకు, ఆయన చదువుతారు. ఫోన్ చేయకు, ఆయనే ఎత్తుతారు.

అన్నట్టు, సంగతి చెబితే "పెట్టుకో, నాకేం" అన్నారు. కానీ ఆ పూట రెండోసారి వడ్డించుకోలేదు.

ప్రస్తుతానికి నెలాఖరుదాకా మాత్రమే సలహాలిచ్చే,
అక్క

ఫిబ్రవరి 9

అక్కకి నమస్కారాలు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి, నురగతో పరిగెత్తిన ఆయన దగ్గరికొచ్చేసరికి టీ కీబోర్డు మీద ఒలకబోశాను. నీ కష్టానికి నవ్వినందుకు ఏమీ అనుకోకు. బాకా దొరికిందా లేదా అని మీ మరదలు మరీ మరీ అడగమంది.

ఇక అసలు పని. ముందు ఒక సంగతి అర్థం చేసుకో. ఈ వ్యవహారంలో తాళంచెవులు రెండుంటాయి. ఒకటి వేయడానికి మాత్రమే పనికొస్తుంది, రెండోది తీయడానికి. వేసేదాన్ని లోకమంతా పంచిపెట్టవచ్చు. దానితో ఎవరైనా తమ మెయిలుకి తాళం వేసి నీకు పంపుతారు. ఒకసారి పడ్డాక వేసినవాళ్ళు కూడా తీయలేరు. తీసే తాళంచెవి నీ కంప్యూటర్లో మాత్రమే ఉంటుంది. దాన్ని వాడాలంటే నువ్వు పెట్టుకున్న రహస్య వాక్యం కొట్టాలి.

నీ డబ్బాకి పనికొచ్చేవి మూడు చూశాను. మొదటిది కొనుక్కునేది, నెల రోజులు ఊరికే వాడి చూడొచ్చు. చూపుకి బాగుంటుంది, తెరవగానే పేరుపెట్టి పలకరిస్తుంది. అందులో తాళంచెవులు కంపెనీవాళ్ళ దగ్గరే ఉంటాయి. వాక్యం మరిచిపోతే ఫోన్ చేయొచ్చు, వాళ్ళు సాయం చేస్తారు. రెండోది వెబ్‌సైటులోనే ఉండే మెయిలు. గట్టిదే, కానీ కొత్త చిరునామా తీసుకోవాలి. నీకు రాసేవాళ్ళు కూడా అందులో చేరితేనే దానికి అర్థం. మూడోది ఉచితం. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపల ఏముందో అందరూ చూసుకునేలా బయట పెట్టారు. నీ పాత చిరునామాతోనే పనిచేస్తుంది. కాకపోతే బోసిగా ఉంటుంది, ఒక్క బొమ్మ ఉండదు. ఇక వాక్యం మరిచిపోయావా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరవలేడు.

నన్నడిగితే నీ వయసుకి మొదటిదే సుఖం. మరిచిపోయినా భయం ఉండదు.

బావగారి మీద మరీ కోపం పెట్టుకోకు. ఆయనకి ఎవరి మీదా చెడు ఉద్దేశం ఉండదు, కథ బాగుంటే ఆగలేరు, అంతే.

కొత్త కీబోర్డు కోసం అర్జీ రాస్తున్న,
తమ్ముడు

ఫిబ్రవరి 15

ఒరేయ్ వయసు తక్కువవాడా,

నా వయసు సంగతి నువ్వొచ్చినప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం. బాకా దొరికింది. ఆయన ఇప్పుడు మిద్దె మీద ఊదుకుంటున్నాడు, ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంటోంది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారట, అదొక్కటీ నయం.

నువ్వు చెప్పిన మూడింటికీ నేను పేర్లు పెట్టుకున్నాను. మొదటివాడు నవ్వులాయన, రెండోవాడు పట్టింపులాయన, మూడోవాడు మొండాయన. అల్లుణ్ణి ఎంచుకున్నంత జాగ్రత్తగా విచారించాను.

పట్టింపులాయన మొదట్లోనే పోయాడు. నాకు రాయాలంటే రాసేవాళ్ళు కూడా ఆయన గడప తొక్కాలట. కన్నీళ్ళతో రాయడానికి కూర్చున్న మనిషిని ముందు వెళ్ళి సభ్యత్వం తీసుకురమ్మంటే రాస్తారా?

తర్వాత నవ్వులాయన. మా డబ్బాలో ఎక్కించి, నాకు నేనే ఒక మెయిలు తాళం వేసి పంపుకున్నాను. పక్కింటి ఫోన్ నుంచి వాళ్ళ సాయం నంబరుకి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళు ఎక్స్ఛేంజిలో పనిచేసిన గొంతు కదా, నాలుగు రకాలుగా మాట్లాడగలను. "బాబూ, ఆ ఖాతా మా వదినదయ్యా. పాపం జ్వరంతో పడుకుంది, రహస్య వాక్యమేదో మరిచిపోయిందట" అన్నాను. కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "ఆవిడ చదివిన బడి పేరు చెప్పగలరా అమ్మా" అన్నాడు. "ఏ బడో నాకెలా గుర్తుంటుంది నాయనా, నాకే మందులేసుకునే వేళయింది" అన్నాను. "అయ్యో, మీరు కంగారుపడకండమ్మా" అని తాళం తీసి చేతిలో పెట్టాడు. ఆ పిల్లాడి తల్లి అదృష్టవంతురాలు. కానీ నేను అడిగితే ఇచ్చినవాడు ఇంకెవరు అడిగినా ఇస్తాడు. నవ్వులాయన్ని తీసేశాను.

మొండాయనకి ఫోన్ నంబరే లేదు. వాడేవాళ్ళంతా ఒకచోట ప్రశ్నలు రాసుకుంటారు. అక్కడ "వాక్యం మరిచిపోయాను, దయచేసి తెరిచిపెట్టండి, చాలా అవసరం, ఇంట్లో మనిషికి బాగాలేదు" అని రాశాను. జవాబొచ్చింది. "క్షమించండి, కుదరదు. మాకే కాదు, ఎవరికీ కుదరదు" అని. చదివి ప్రాణం లేచొచ్చింది. నాకు కావలసింది ఈ మనిషే.

ఎక్కించాను. తాళంచెవులు తయారవుతున్నంతసేపూ మీ బావ అదే బల్లని మూడుసార్లు తుడిచారు. "అంటే ఇక నాకు కూడా కనపడదా?" అన్నారు. "ఎవరికీ కనపడదండీ" అన్నాను. "ఎవరికీ అంటే నాకు కూడానా?" అని మళ్ళీ అడిగారు. నేను రహస్య వాక్యం కొట్టుకుంటూ కూర్చున్నాను. ఆ గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టి కిందికి వెళ్ళిపోయారు.

ఒక్క వేలితో జవాబులు కొడుతూ,
అక్క

ఫిబ్రవరి 20

అక్కా, దండాలు.

మా ఆస్పత్రిలో కొత్త సాఫ్ట్‌వేరు తీసుకునేముందు కమిటీ వేస్తారు, కమిటీ టీలు తాగుతుంది, ఆపైన ఎవరో చెప్పినదే కొంటారు. ఈసారి నిన్ను పిలిపిస్తాను. మొదటిదే మంచిదని రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు మూడు జాగ్రత్తలు. రహస్య వాక్యం పొడవుగా పెట్టుకో, సామెత మాత్రం పెట్టకు. నీ నోట సామెతలు వినని మనిషి ఆ ఊళ్ళో లేడు. తీసే తాళంచెవికి ఒక నకలు పెన్‌డ్రైవులో వేసి బీరువాలో పెట్టు. ఇక వేసే తాళంచెవి సంగతి. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు, గోడలకి అంటించినా ఫరవాలేదు. పాఠకులకి అందాలి కాబట్టి పత్రికలో వేయించు.

బావగారు ఎలా ఉన్నారు? మొన్న ఫోన్ చేస్తే ఏమీ కబుర్లు చెప్పలేదు. "బాగున్నావా, బాగున్నాను" అని పెట్టేశారు. ఆయన ఫోన్ అంత తొందరగా పెట్టేయడం నాకు తెలిసి ఇదే మొదలు.

తమ్ముడు

మార్చి 2

చిన్నోడికి,

పత్రికలో వేయించమన్నావు, వేయించాను. జరిగినదానికి బాధ్యత నీదే.

నువ్వు చెప్పినట్టే తాళంచెవిని సంపాదకురాలికి పంపాను. అచ్చులో అది దాదాపు పేజీ అంతా పట్టింది. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, గీతలు, అర్థం పర్థం లేకుండా అడుగు దాకా. పైన 'నాకు రాసేవారి కోసం' అని ఒక్క ముక్క. తప్పులు దిద్దే ఆయన నేను రాసినదాన్ని దిద్దకుండా వదిలిపెట్టడం ఇదే మొదటిసారట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

జనం దాన్ని పజిలు పోటీ అనుకున్నారు. ఈ వారం నాకు కష్టాలు రాసినవాళ్ళకంటే జవాబులు పంపినవాళ్ళే ఎక్కువ. ఒకాయన జవాబు ఏనుగు అని రాశాడు. ఎందుకు ఏనుగో చెప్పలేదు. ఒకావిడ ఐమూలగా చదివితే తన కూతురి పేరు వస్తోందని, బహుమతి ఎప్పుడు పంపుతారని అడిగింది. బడి పంతులు ఒకాయన ఇది ఎవరి దస్తూరీయో గాని పదికి రెండు మార్కులు అన్నాడు. సంపాదకురాలు ఫోన్ చేసి నవ్వింది. నెలాఖరు గడువు ఇంకో నెల పొడిగించింది. ఈలోగా తాళం వేసిన ఉత్తరాలు నిజంగా వస్తేనే శీర్షిక ఉంటుంది. లేకపోతే ఆ పేజీని వంటలకి ఇచ్చేస్తుందట.

ఇంట్లో ప్రశాంతంగా ఉంది. నాకు నచ్చడం లేదు. తెరని గోడవైపు తిప్పి, తాళం లేకుండా వచ్చిన పాత మెయిళ్ళు కూడా నేనే చదువుకుంటున్నాను, మాట ఇచ్చాను కాబట్టి. కళ్ళతో చదివితే ఆ బాధలు నాకు ఎక్కడం లేదురా. చెవితో వినడం అలవాటైన ప్రాణం. ఒక్కో జవాబుకి గంట పడుతోంది, ఈలోగా పొయ్యి మీద కూర మాడుతోంది. మీ బావ సాయంత్రాలు కింద ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉండిపోతున్నారు. నేర్చుకునే పిల్లలంతా వెళ్ళిపోయాక కూడా అక్కడి కంప్యూటరు మీద టకటక వినిపిస్తూనే ఉంటుంది. కోపం దాని మీద చూపిస్తున్నారు కాబోలు.

ఉత్తరం అంటించేలోపు ఇంకో సంగతి. వచ్చిందిరా. తాళం వేసిన మెయిలు ఒకటి వచ్చింది. వాక్యం కొట్టగానే తెరుచుకుంది. 'పనిలేని మనిషి' అని సంతకం. జవాబు కూడా తాళం వేసి పంపడానికి తమ తాళంచెవి జతచేశారు. అందులో ఏముందో నీకు కూడా చెప్పను, తప్పుగా అనుకోకు.

అక్క

మార్చి 7

అక్కకి,

ఏనుగు అన్నాయనకి బహుమతి ఇచ్చి తీరాలి. మా ఆస్పత్రిలో అందరికీ చెప్పాను, ఇక్కడ ఇప్పుడు ఏ యంత్రం చెడిపోయినా జవాబు ఏనుగే.

తప్పు నాదే, వెబ్‌సైటులో వేయించమని విడమరిచి చెప్పాల్సింది. మీ సంపాదకురాలి ఆఫీసులో వెబ్‌సైటు చూసే అమ్మాయితో మాట్లాడాను. పత్రిక సైటులో ఒక పెట్టె పెడుతుంది. అందులో ఎవరు ఏం రాసినా నీ తాళం తనంతట అదే పడి నీకు చేరుతుంది. పాఠకులు ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు.

మొదటి మెయిలు వచ్చినందుకు చాలా సంతోషం. పేజీడు అక్షరాలు చేత్తో కొట్టి మరీ రాసిన మనిషంటే ఎంత అవసరం ఉండి రాసి ఉంటారో ఆలోచించు. కాస్త మెత్తగా జవాబివ్వు. ఎవరు, ఏమిటి అని మాత్రం ఆరా తీయకు.

తమ్ముడు

మార్చి 12

నాయనా,

ఈ ఉత్తరం ఒక్కడివే కూర్చుని చదువు.

చేత్తో కొట్టి పంపారని నీకెవరు చెప్పారు? నేను రాయలేదు. అచ్చులో పడిన రెండో రోజుకే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా కొట్టి, సాఫ్ట్‌వేరు ఎక్కించి, తమ తాళంచెవి కూడా జతచేసి పంపడం మామూలు పాఠకుల వల్ల అయ్యే పనేనా? ఈ విద్య తెలిసినవాడు నేనెరిగినంతలో ఒక్కడే. పైగా ఆరా తీయవద్దంటున్నాడు.

నేను అడగను. నువ్వు చెప్పనక్కర్లేదు. ఊరికే అక్కగా రెండు మాటలు రాస్తున్నాను. ఇంట్లో ఒక మనిషి తన పని తను చూసుకుంటుంటే, రెండో మనిషికి తను ఎందుకూ కొరగానివాణ్ణని అనిపించవచ్చు. అలా అనిపించడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ ఆవిడ మంచిది. కూర్చోబెట్టి నోరు తెరిచి చెప్పు. నీకు చిన్నప్పటి నుంచీ ఇదే అలవాటు, మోకాలు చిట్లినా ప్యాంటు కింద దాచుకునేవాడివి. నీకు ఏ కష్టమొచ్చినా నేనున్నాను, అది గుర్తుంచుకో చాలు.

దిగులుతో,
అక్క

మార్చి 17

వదినగారికి,

ముందు నేను రాస్తున్నాను. మీ ఉత్తరం పోస్టులో వస్తే నేనే విప్పాను, ఎప్పుడూ నేనే విప్పుతాను. "ఒక్కడివే కూర్చుని చదువు" అన్న వాక్యం దగ్గరే నాకు గుండె గతుక్కుమంది. మీ తమ్ముణ్ణి నిలబెట్టి అడిగాను. నాతో మాట్లాడలేక పత్రికకి రాసుకున్నారా అని అడిగాను. ఆయన కాదంటారు, ఎవరో చెప్పమంటే చెప్పరు. రెండు రోజులు ఇంట్లో నా నోటికి కూడా మీ మొండాయన తాళమే పడింది. ఇప్పుడు నమ్మాను గానీ, ఇకమీదట ఇలాంటివి రాసేటప్పుడు నాకూ ఒక తాళంచెవి ఇప్పించండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు

అక్కా,

చూశావుగా. లోకంలో ప్రతి మెయిలుకీ తాళం వేయించాం, మన ఉత్తరాలు మాత్రం మామూలు పోస్టు కవరులో నోరు తెరుచుకుని వచ్చాయి.

అది నేను కాదు. ఒట్టు. నేను చేసిందల్లా ఒకరికి ఫోన్లో సాయం చేయడం, తాళం ఎలా వేయాలో చెప్పడం. ఎవరో చెప్పనని మాట ఇచ్చాను. నీకే చెప్పకూడదని ప్రత్యేకంగా మాట తీసుకున్నారు. ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాసినా మాట తప్పినట్టే. ఆ మెయిల్లో ఏముందో నువ్వు నాకు చెప్పనట్టే, ఎవరు రాశారో నేనూ నీకు చెప్పలేను. మీ సాఫ్ట్‌వేరు గట్టిదే గానీ, నడుమ నలిగిపోతున్నది నేను.

తమ్ముడు

మార్చి 25

చిన్నోడా,

మరదలికి ముందు నా తరఫున చెప్పు, ముసలి అక్క తొందరపాటు మనిషి, కడుపులో పెట్టుకోమని. నీ గురించి పడ్డ దిగులు అనవసరమని తేలినందుకు సంతోషంగా ఉంది.

నీ ఉత్తరం అందిన రోజు మీ బావ పళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇన్‌స్టిట్యూట్ తాళం నా దగ్గరుంటే, కిటికీలు వేద్దామని కిందికి దిగాను. కంప్యూటరు పక్కన మన పత్రిక ఆ గజిబిజి పేజీ దగ్గర తెరిచి ఉంది, మీద టైపు మిషను మూత బరువు పెట్టి. ఆయన పిల్లలకి ఏం నేర్పుతారో నీకూ నేర్పారుగా. ఒక వరస కొట్టగానే చూసుకుని, వరస చివర పెన్సిలుతో టిక్కు పెట్టాలి, అప్పుడే రెండో వరసకి పోవాలి. ఆ పేజీలో పై నుంచి అడుగు దాకా ప్రతి వరస చివరా టిక్కు ఉంది.

ఇంతకుమించి రాయను. నువ్వూ రాయకు. ఆయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను, ఆపైన కిటికీలు వేసి పైకొచ్చాను.

మర్నాడు 'పనిలేని మనిషి'కి తాళం వేసి ఒక మెయిలు పంపాను. "మీ ఉత్తరం పత్రికలో వేయాలనుంది, మీకు సమ్మతమేనా? నాకు ఇదివరకు టైపు చేసిపెట్టే మనిషి ఒకరుండేవారు. మీరు ఒప్పుకుంటే మీ ఉత్తరం ఆయనకి ఇస్తాను, లేకపోతే నేనే తంటాలు పడతాను" అని రాశాను. కింద టకటక ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలుకాలేదు. నాకు భయమేసింది. ఆఖరికి జవాబొచ్చింది. రెండే మాటలు. "చదివి వినిపించవచ్చు."

ఆ సాయంత్రం తెరని గోడవైపు నుంచి ఇటు తిప్పాను. "ఏమండీ, ఒకరు అనుమతి ఇచ్చారు, కాస్త చదివిపెడతారా? నా కళ్ళు లాగుతున్నాయి" అని కేకేశాను. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి వచ్చి కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు ముందేసుకున్నాను.

చదివారు. పత్రికలో ఎలాగూ పడింది కాబట్టి నీకూ రాస్తున్నాను.

"అమ్మా, మా ఇంట్లో ఆవిడ బట్టలు కుడుతుంది. నేను గుండీలు కుట్టేవాణ్ణి. చిన్న పనే, కానీ సాయంత్రమైతే దాని కోసం చూసేవాణ్ణి. ఎవరి చొక్కా ఎలా ఉందో ఒకచోట నోరు జారాను. తప్పు నాదే. ఇప్పుడు గుండీలు కూడా ఆవిడే కుట్టుకుంటోంది, వేళ్ళు పొడుచుకుంటోంది. నాకు చూపించదు. పని తిరిగిమ్మని అడగడానికి ముఖం చెల్లడం లేదు. నేను లేకపోయినా చొక్కాలు తయారవుతున్నాయి, అదే నాకు మరీ కష్టంగా ఉంది."

'ముఖం చెల్లడం లేదు' దగ్గర ఆగారు. "అక్షరాలు సరిగ్గా కనపడటం లేదు" అన్నారు. "అద్దాలు తుడుచుకోండి" అన్నాను, వెనక్కి తిరగకుండా. ఒరేయ్, ఆ గొంతు ఇలా వినక నెల దాటింది. నాకు ఏడుపు ఆగలేదు. ఉల్లిపాయలు ముందున్నాయి కాబట్టి బతికిపోయాను.

తర్వాత జవాబు చెప్పాను, ఆయన కొట్టారు. "గుండీలు లేని చొక్కా ఎంత బాగా కుట్టినా ఎవరూ తొడుక్కోరు. ఈ సంగతి మీ ఆవిడకి మీకంటే బాగా తెలుసు. చెప్పదు, ఎందుకంటే ముక్కు మీద కోపం మనిషి అయ్యుంటుంది. మీరు లేకపోయినా పని జరుగుతోందని అనుకోకండి, జరగడం లేదు. ఈ సాయంత్రమే వెళ్ళి మీ కుర్చీలో కూర్చోండి. ఒక్కటే షరతు. ఏ చొక్కా ఎవరిదో బయట చెప్పకండి." 'క్షౌరశాలలో' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

కొట్టడం అయిపోయింది. "బాగా చెప్పావు" అన్నారు. "ఆ మనిషి ఎవరో గానీ పాపం" అన్నాను. "అవును పాపం" అన్నారు. వెళ్ళి పళ్ళెం పెట్టుకుని రెండోసారి కూడా వడ్డించుకున్నారు, మాడిన కూరైనా.

ఆయన అనుమతిలోంచే నాకు ఉపాయం తట్టింది. సంపాదకురాలు ఒప్పుకుంది. ఇకనుంచి సైటులో పెట్టె కింద చిన్న గడి ఒకటి ఉంటుంది, 'చదివి వినిపించవచ్చు' అని. దానిలో టిక్కు పెట్టినవాళ్ళవి మా టైపిస్టు చదువుతారు. పెట్టనివాళ్ళవి నేనొక్కదాన్నే, తెర గోడవైపు తిప్పి. ఈ వారం పెట్టెలో చాలా ఉత్తరాలు పడ్డాయి, టిక్కు పెట్టినవే ఎక్కువ. మనుషులకి ఎవరో ఒకరు తమ మాట గట్టిగా చదివితే వినాలని ఉంటుందేమో. వంటల పేజీ వేరేచోట చూసుకోమని సంపాదకురాలికి చెప్పేశాను.

వేళ్ళకి విశ్రాంతి దొరికిన,
అక్క

మార్చి 30

అక్కకి నమస్కారాలు,

నువ్వు రాయకుండా రాసింది నాకు అర్థమైంది. నేనూ చెప్పకుండా ఒకటి చెబుతాను.

మొన్న ఒక మనిషి ఫోన్ చేశారు. ఎవరో అడగకు. గంటసేపు మాట్లాడారు, మునుపటిలా. "మీ అక్క మామూలు మనిషి కాదురా. ఎవరో ఏమిటో తెలియకుండానే మనసులో ఉన్నది పట్టుకుంది. ఆ తాళం మాత్రం బ్రహ్మాండం. ఆవిడకి వీసమెత్తు అనుమానం రాలేదు. నువ్వు కూడా ప్రాణం పోయినా చెప్పకు" అన్నారు. చెప్పనని మళ్ళీ మాట ఇచ్చాను. మీ మరదలు పక్కనే నిలబడి అంతా వింది, నోట్లో కొంగు కుక్కుకుంది.

నిజం చెప్పు, నువ్వు ఎప్పటికైనా ఆయనకి చెబుతావా?

తమ్ముడు

ఏప్రిల్ 4

చిన్నోడా,

చెప్పను.

నిన్న క్షౌరశాలకి వెళ్ళొచ్చారు. ఏం కబుర్లని అడిగితే "ఏముంటాయి, వాతావరణం" అన్నారు. నోట్లో నువ్వుగింజ నానదని ఇన్నేళ్ళుగా ఊరంతా అన్నాం, నేనే ముందు అన్నాను. ఆ గింజని ఇప్పుడాయన నెలపైగా నోట్లో పెట్టుకుని, నాకు దొరకకుండా దాచుకుంటున్నారు. అది మొలకెత్తినా సరే, నేను అడగను.

కూర పొయ్యి మీద ఉంది. ముందుగదిలోంచి పిలుస్తున్నారు, ఉత్తరం ఒకటి తయారుగా ఉందట, వినమని.

అక్క